గిటారు పెట్టెలును వాని ధ్వనులును

గిటారు వాయించువాని పాదముల చెంత నేలపై నుండు చిన్న చిన్న రంగుపెట్టెలను మీలో అనేకులు చూచియుందురు. ఒక్కొక్కటి అఱచేతి యంత యుండును. పైని త్రిప్పుటకు రెండు మూడు నాబులు, ఒక చిన్న దీపము, పాదముతో నొక్కుటకు ఒక మీట, ఇరుప్రక్కల తీగ గ్రుచ్చుటకు ఒక్కొక్క రంధ్రము. ఇంతకంటె బయటికి కనబడున దేమియు లేదు. వాయించువాడు పాట నడుమ పాదము చాచి దానిని నొక్కును. అంతవఱకు చల్లగా పలుకుచుండిన తంత్రి ఒక్కసారిగా గర్జించును. లేక లోయలోనుండి వచ్చినట్లు మాఱుపలుకును. లేక పసిబిడ్డవలె 'వావా' యని యేడ్చును. వీనికి ఎఫెక్ట్సు పెడళ్లని పేరు. మన విద్యార్థులు పెడళ్లనియే వ్యవహరింతురు. పెద్దవారిలో కొందఱు వీనికి పెట్టిన పేర్లను ఇచట వ్రాయుట బాగుండదు.

ఈ సంవత్సరము అర్ధవార్షిక పరీక్షలు ముగిసిన పిమ్మట ఈ పెట్టెలను గూర్చి మన పాఠశాలలో కొంత వాదము పుట్టెను. పదవ తరగతి చదువు నొక బాలుడు వార్షికోత్సవమున గిటారు వాయింపగోరి, అరువు తెచ్చుకొన్న రెండు పెడళ్లతో సాయంకాలములందు అభ్యాసము చేయుచుండెను. ప్రక్క గదిలో లెక్కలు చెప్పుచున్న పెద్ద ఉపాధ్యాయులొకరు వచ్చి విని, "ఇది విఱిగిన వస్తువు చేయు చప్పుడు గాని సంగీతము గాదు" అని తీర్మానించిరి. బాలుని తండ్రి వడ్రంగి. రెండు జతల తలుపులు చేసిన కూలిని కూడబెట్టి కుమారునికి గిటారు కొనియిచ్చినవాడు. ఇప్పుడు కుమారుడు పెడలు గూడ కొనుమనుచున్నాడు. ఆయన నా యొద్దకు వచ్చి యిట్లడిగెను: "మాస్టారూ, మంచి స్వరం వస్తుందని గిటారు కొన్నాను. ఇప్పుడు ఆ స్వరాన్ని పాడుచేసే డబ్బా కావాలంటున్నాడు. పాడుచెయ్యడానికి కూడా డబ్బు పెట్టాలా?" గిటారును కొనుటకు మనిషి సిద్ధముగా నున్నాడనియు, మాస్టర్లు తగదన్నచో మఱునాడే అమ్మివేయుదుననియు గూడ చెప్పెను. నేను భౌతికశాస్త్రము బోధించువాడను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండిన దినములలో తోటి విద్యార్థి యొకడు నేర్పగా గిటారు కొంత నేర్చినవాడను. కావున ప్రధానోపాధ్యాయులు ఈ వ్యవహారమును నాకప్పగించి, వారము దినములు పరీక్షించి అభిప్రాయము చెప్పుమనిరి. పెడళ్లను, గిటారును ఇంటికి తీసికొనిపోతిని. బాలుడును ప్రతి సాయంకాలము వచ్చుచుండెను. మేము తెలిసికొన్న దానిని మీకును చెప్పుట నా యుద్దేశము.

మొదట గిటారు సంగతి. మామూలు గిటారునకు బోలుగానుండు కఱ్ఱపెట్టె గలదు; తంత్రి కంపింపగా ఆ పెట్టె కంపించి గాలిని కదల్చును. ఎలక్ట్రిక్ గిటారునకు అట్టి యక్కఱ లేదు. ఉక్కు తంత్రుల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు వెండ్రుకకంటె సన్నని రాగితీగ వేలకొలది చుట్లును ఉండును. తంత్రి కదలినప్పుడు అయస్కాంత క్షేత్రము మాఱును. క్షేత్రము మాఱినప్పుడు తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనిపెట్టిన ఈ సూత్రమును మీరు పదవ తరగతి పాఠములో చదివియున్నారు. అన్నిటికంటె బరువైన తంత్రిని విడిచి మీటినచో సెకనుకు సుమారు 82 కంపనములు, అన్నిటికంటె సన్నని దానిని మీటినచో సుమారు 330 కంపనములు కలుగును. ఆ లెక్కనే విద్యుత్తును ముందునకు వెనుకకు ఊగును. అది మిక్కిలి బలహీనమైనది. సాధారణముగా ఒక వోల్టులో కొద్ది భాగము మాత్రమే. దానిని ఆంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరునకు పంపును. ఈ గిటారునకును ఆంప్లిఫయరునకును నడుమ దారిలో కూర్చుండునదియే పెడలు. తంత్రిని ముట్టకుండ పెడలును మాత్రము నొక్కి చూచితిమి. సన్నని బుసయు, కరెంటు ఝంకారమును తప్ప మఱేమియు రాలేదు. ఈ పెట్టెకు స్వయముగా పాడుట రాదు. దాని చేతికి వచ్చిన యలను మార్చుటయే దాని పని.

అంగడిలో వీనికి నూఱు పేర్లు గలవు. పేర్లను జూచి భయపడ నక్కఱలేదు. లోపల జరుగు పనులు కొద్దివే. వానిలో మిక్కిలి నింద పొందినదియు, నేను మిక్కిలి ఆసక్తితో పరీక్షించినదియు గర్జించు పెట్టె. దానికి డిస్టార్షన్, ఓవర్‌డ్రైవ్, ఫజ్ అని తరతమ భేదములచే పేర్లు. వడ్రంగికి దీనిని చెప్పుట సులభము. విద్యుత్తు అలయై వచ్చుచున్నది గదా. ఆ యలకు పైని ఒక గుబ్బ, క్రింద ఒక గుంట. పెట్టె మొదట ఆ యలను ఎన్నో రెట్లు పెంచును. పిదప గుబ్బ తలను చిత్రికపట్టినట్లు సమముగా కోసివేయును. గుంట యడుగును గూడ అట్లే చేయును. కోయు పనిముట్టు బియ్యపుగింజంత డయోడు. సిలికను డయోడు సుమారు 0.6 వోల్టు దాటిన వెంటనే విద్యుత్తునకు దారి విడుచును గనుక అల అంతకు మించి ఎదుగజాలదు. కోతపడిన యల గుండ్రముగా నుండక చదరపు మేడవలె నుండును. చేతిఫోనులో ధ్వనితరంగములను గీతలుగా చూపు యాపు గలదు. దానిలో ఈ మేడలను బాలుడు తన కన్నులార చూచి నవ్వెను.

తల కోసినంత మాత్రమున గర్జన యేల పుట్టవలెను? నునుపైన యలలో ఒకే కంపనసంఖ్య యుండును. 110 కంపనముల నునుపైన యలకు సరిసమానముగా తల, అడుగు కోసినచో, అందు 110తో బాటు 330, 550, 770 ఇట్లు బేసి రెట్లన్నియు క్రొత్తగా పుట్టును. కోసిన యంచు ఎంత వాడిగానున్న అంత పై రెట్లకు బలము. చెవికి అది గరకుగా తోచును. మఱియొక ఫలము గూడ గలదు. గట్టిగా మీటిన దెబ్బయు, మెల్లగా మీటిన దెబ్బయు ఒకే యెత్తున కోతపడును గనుక, నశించిపోవలసిన స్వరము చాలసేపు అదే బలముతో నిలిచియుండును. వీణ తంత్రి కంటె ఫిడేలు స్వరము నిలుచునట్లు, ఈ పెట్టె గుండ పోయిన గిటారు నిలుచును. వాయించువారు దీనిని కోరుటకు సగము కారణ మిదియే.

ఇది పాశ్చాత్యుల పిచ్చి యని కొట్టివేయ దలచినవారు మన తంబురను ఒకసారి దగ్గఱగా చూడవలెను. మేరువుమీద తంత్రి క్రింద ఒక నూలుపోగు నుంతురు. దానికి జీవ యని పేరు. ఆ పోగును వ్రేలితో కొంచెము ముందునకో వెనుకకో జరుపగా, మూగగానుండిన తంత్రి తుమ్మెదవలె ఝుమ్మని మ్రోగును. పోగు తీసివేసినచో స్వరము శుద్ధమే, కాని చప్పగా నుండును. తంత్రి మేరువు వంపును రాచుకొనుటచే పై రెట్లు పుట్టుటయే దీని మర్మము. తంబుర, వీణల మేరువులందలి యీ విశేషమును గూర్చి సి. వి. రామన్ గారు 1921లో ఒక పరిశోధన వ్యాసము ప్రకటించిరి. ఆయన బాల్యమున చదివినది విశాఖపట్టణమందలి సెయింట్ అలోషియస్ మిషను పాఠశాలయే యని యిచట జ్ఞాపకము చేయుటకు నాకు సంతోషముగానున్నది. నాదమునకు గరకుదనము జోడించి దానికి జీవమని పేరు పెట్టిన వారి సంతతివారము, గిటారు గరకుదనమును విని చెవులు మూసికొనుట కొంచెము చిత్రమే.

అయినను లెక్కల మాస్టరుగారు చెప్పినది అబద్ధము గాదు. ఈ ధ్వని విఱిగిన వస్తువుల నుండియే పుట్టినది. 1951లో అమెరికాలోని మెంఫిసు పట్టణమున శాం ఫిలిప్స్ అనువాని స్టూడియోకు అయిక్ టర్నరు బృందము 'రాకెట్ 88' అను పాట రికార్డు చేయుటకు వచ్చినప్పుడు, దారిలో వారి ఆంప్లిఫయరు దెబ్బతినియుండెను. చినిగిన స్పీకరులో కాగితము క్రుక్కి, ఆ గరగర ధ్వనితోనే రికార్డు చేసిరి. జనులకు అది నచ్చినది. తరువాత కొందఱు కావలెననియే పాడుచేయసాగిరి. లింక్ రే అను నాతడు పెన్సిలుతో స్పీకరునకు చిల్లులు పొడిచి 1958లో 'రంబుల్' అను వాద్యగీతమును వెలువరించెను. దానిలో మాట యొక్కటియు లేకున్నను, కొన్ని రేడియో కేంద్రములవారు దానిని ప్రసారము చేయ నిరాకరించిరి. మాటలు లేని పాటను నిషేధించుట! ధ్వనికే అంత భయపడిరన్న మాట. 1964లో ఇంగ్లండున కింక్సు బృందమునందలి డేవ్ డేవిస్ మంగలికత్తి బిళ్లతో స్పీకరును చీల్చెను.

అన్నిటికంటె నాకు నచ్చినది నాష్‌విల్ పట్టణపు కథ. మార్టీ రాబిన్స్ పాడిన 'డోంట్ వరీ' అను పాట 1961లో వెలువడెను. దాని రికార్డింగునందు గ్రేడీ మార్టిన్ వాయించిన బాసు గిటారు, స్టూడియో మిక్సరులోని ఒక భాగము చెడిపోవుటచే, ఏదో క్రొత్త జంతువు వలె బుసకొట్టెను. ఆ పాట ప్రసిద్ధి పొందెను. ఇతరులు వచ్చి అదే ధ్వని కావలెననిరి. చెడిన భాగము ఒకనాటికి పూర్తిగా చెడక మానదు గదా. అపుడు గ్లెన్ స్నాడి అను రికార్డింగు ఇంజనీరు, ఆ లోపము ఎట్లు కలిగినదో ఆలోచించి, రెవిస్ హాబ్స్ అను మఱియొక ఇంజనీరుతో కలిసి ట్రాన్సిస్టర్లతో అట్టి లోపమునే కావలెనని కల్పించు చిన్న యంత్రమును చేసెను. గిబ్సన్ కంపెనీవారు దానిని మాయిస్ట్రో ఫజ్-టోన్ అను పేర 1962లో అమ్మకమునకు తెచ్చిరి. బూరలవలె, చెల్లో వలె పలుకునని ప్రకటించినను దానిని కొనువారు తక్కువగానే యుండిరి. 1965లో రోలింగ్ స్టోన్సు బృందపు కీత్ రిచర్డ్స్, ముందుముందు బూరలచే వాయింపించుటకు గుర్తుగా మాత్రమే 'సాటిస్‌ఫాక్షన్' పాటలో ఒక వరుసను ఈ పెట్టెతో వాయించెను. బూరలు రాకమునుపే పాట అట్లే వెలువడి లోకమంతట మ్రోగెను. తరువాత ఈ పెట్టెలను కొనువారికి కొఱత లేకపోయెను.

విఱిగిన యాంప్లిఫయరు నేడు ఒక రీతిగా, రేపు మఱియొక రీతిగా మ్రోగును. ఎల్లుండి మ్రోగనే మ్రోగదు. పెట్టెకు నాబు గలదు. ఎంత కోయవలెనో వాయించువాడే నిర్ణయించును; వలదన్నప్పుడు పాదముతో నొక్కి మానిపించును. విఱుగుట వేఱు, విఱుపు వేఱు. ఈ భేదమునే నేను లెక్కల మాస్టరుగారికి విన్నవించితిని. ఆయన ఒప్పుకొనలేదు.

గర్జించు పెట్టెతో రెండు తంత్రులను కలిపి మీటిన నేమగునో పరీక్షింపుడు. ఇందులో మంచి గణితము గలదు. కోతపడు యంత్రములో రెండు స్వరములు కలిసి ప్రవేశించినచో, అవి రెండును వాని రెట్లునే గాక, వాని మొత్తమును, వాని భేదమును గూడ క్రొత్త స్వరములై బయటికి వచ్చును. షడ్జము 110 అయినచో పంచమము 165. భేదము 55, అది సరిగా షడ్జమునకు క్రింది స్థాయి షడ్జమే. మొత్తము 275, అది 55కు అయిదు రెట్లు. అన్నియు ఒకే కుటుంబపు బిడ్డలు. కావున స-ప జంట ఎంత కోసినను గంభీరముగా మ్రోగును. ఇక స-గ జంటను తీసికొనుడు. గిటారు మెట్లపై ఆ గాంధారము సుమారు 138.6. భేదము 28.6, మొత్తము 248.6; ఇవి దేనితోను పొసగక తమలో తాము పోట్లాడును. ఫలితము బురద. గర్జించు సంగీతము వాయించు వారందఱు ఎక్కువగా స-ప జంటనే పట్టుకొని యుండుటకు హేతువిది. బాలుడు దీనిని చెవితో ముందే కనిపెట్టియుండెను. లెక్క తరువాత చేసితిమి.

రెండవ జాతి పెట్టెలు ఆలస్యము చేయునవి. మన ఆటస్థలములో గోడకు పదునేడు మీటర్ల దూరమున నిలిచి చప్పట కొట్టుడు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, గోడను తాకి తిరిగి మీ చెవికి చేరుటకు సెకనులో పదవ వంతు పట్టును. గోడను పెట్టెలో నుంచుట యెట్లు? మొదటివారు అయస్కాంతపు టేపుపై ధ్వనిని వ్రాసి, కొంత దూరమున మఱియొక హెడ్డుతో చదివించిరి. టేపు మాసిపోవును, తెగిపోవును, యంత్రము బరువు. 1969లో హాలండు దేశపు ఫిలిప్సు పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టేర్ అను నిరువురు మఱియొక యుపాయము ప్రకటించిరి. గడ్డివామి అంటుకొన్నప్పుడు బావినుండి వామి వఱకు ఊరివారు వరుసగా నిలిచి, నీటి బక్కెట్లను చేతులు మార్చి అందించుకొందురు గదా. అట్లే వేలకొలది చిన్న గదులు వరుసగా నుండి, గడియారము కొట్టినప్పుడెల్ల ఒక గది తన విద్యుదావేశమును ప్రక్క గదికి అందించును. వారు దీనికి బక్కెట్ల వరుస యనియే పేరు పెట్టిరి. 4096 గదులున్న చిప్పులో గడియారము సెకనుకు పదివేల మాఱులు కొట్టినచో, ధ్వని సెకనులో అయిదవ వంతు ఆలస్యముగా బయటికి వచ్చును. బక్కెట్లలో నీరు కొంత తొలికినట్లు ధ్వనియందలి సన్నని పలుకులును కొంత తొలగును. అందుచేత మాఱుపలుకు మెత్తగా, దూరముగా తోచును. నేటి పెట్టెలలో అనేకము ధ్వనిని అంకెలుగా మార్చి దాచుకొనుచున్నవి. వానికి తొలుకు బాధ లేదు. ఆ తొలుకులోనే అందమున్నదని పాతవానిని వెదకి కొనువారు గలరు.

ఆలస్యమును మిక్కిలి తగ్గించి, దానిని మెల్లగా హెచ్చించుచు తగ్గించుచు అసలు స్వరముతో కలిపినచో కోరస్ అనునది పుట్టును. పదిమంది బాలురు కలిసి ఒకే స్వరము పాడినను పదిగొంతులు ఇసుమంత భేదించునట్లు, ఒక్క గిటారు పలువురివలె వినబడును. జపానువారి బాస్ కంపెనీ 1976లో మొట్టమొదట తెచ్చిన పెట్టె ఈ జాతిదే.

దీనికి దాయాది యొకటి గలదు. దానిని గూర్చి చెప్పక విడువలేను. మా తండ్రిగారు రాత్రులందు షార్ట్ వేవ్‌లో సిలోను రేడియో పెట్టుచుండిరి. తెలుగు పాట వచ్చుచు వచ్చుచు నీటిలో మునిగినట్లు లోతునకు పోయి, చుట్టు తిరిగి మఱల పైకి తేలుచుండెను. నాకు పాటకంటె ఆ తేలుటయే యింపుగా నుండెడిది. ఆకాశమందలి అయనావరణమునుండి తిరిగి వచ్చు రేడియో తరంగములు వేఱు వేఱు త్రోవల వచ్చి, ఒకప్పుడు కలిసి బలపడి, ఒకప్పుడు ఎదురై చంపుకొనుటయే దీనికి కారణము. జపాను ఇంజనీరు ఫుమియో మియెదా గూడ రష్యా రేడియోలో ఇట్టి యూగిసలాటనే విని, దానిని అనుకరింప దలచి ఒక పెట్టెను కల్పించెనని చెప్పుదురు. 1968 ప్రాంతమున వెలువడిన ఆ పెట్టె పేరు యూని-వైబ్. దాని లోపల ఒక చిన్న దీపము, దాని చుట్టు వెలుతురునకు మాఱు నాలుగు కన్నులు. దీపము హెచ్చి తగ్గుచుండగా స్వరము తిరుగుచుండును. జిమీ హెండ్రిక్స్ 1969లో వుడ్‌స్టాక్ సభయందు దానిని వాయించెను. అట్టి పెడలును నేను మొదటిసారి విన్నప్పుడు గిటారు జ్ఞప్తికి రాలేదు. మా యింటి వసారా, దానిలోని రేడియో జ్ఞప్తికి వచ్చినవి.

'వావా' పెట్టె జల్లెడవంటిది. 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అను ఇంజనీరు, ఆంప్లిఫయరులో ఖరీదైన ఒక స్విచ్చికి బదులు చౌకగా దొరకు నాబును అమర్చుచు దీనిని కనుగొనెను. ఆర్గను పాదపుమీట యొక్క గూటిలో దానిని బిగింపగా పాదముతో పని జరిగెను. అసలు యుద్దేశము బాకాల వాయిద్యమును అనుకరించుటయే; బాకా విద్వాంసుడైన క్లైడ్ మెకాయి పేరనే దానిని 1967లో అమ్మిరి. గిటారువారు ఎగరవేసికొనిపోయిరి. గొంతు మార్చక 'ఊ' నుండి 'ఆ' వఱకు నోరు మెల్లగా తెఱచి చూడుడు. కంఠమునుండి వచ్చు నాద మొక్కటే. నోటి యాకారము కొన్ని రెట్లను ఎత్తి చూపి కొన్నిటిని అణచివేయుటచే అచ్చులు పుట్టుచున్నవి. పాదము ఆ నోటి పని చేయును. ఇంత తెలిసినను నాకీ పెట్టె యందు అభిమానము కలుగలేదు. పది నిమిషములు విన్నచో ఎవరో దగ్గఱ కూర్చుండి ముక్కుతో మాటలాడుచున్నట్లుండును. బాలునికి ఇదియే ప్రాణము.

వారము ముగిసిన సాయంకాలము తండ్రిని పాఠశాలకు పిలిపించితిమి. బాలుడు తన తల్లి పాడు జోలపాటను ముందు పెట్టెలు లేక వాయించెను. పిదప మాఱుపలుకు పెట్టెతో. ఆ పిదప గర్జించు పెట్టెతో. తండ్రి వసారా గోడ కానుకొని కన్నులు మూసికొని వినెను. మొదటిసారి రెండు చోట్ల వ్రేలు తొట్రుపడెను. మాఱుపలుకు పెట్టెతో వాయించినప్పుడు తొట్రుపాటు వినబడలేదు. తండ్రి కన్ను తెఱచి, "ఇందాక తప్పిన చోటు ఇప్పుడేమయింది? పగులు మీద లప్పం పెట్టినట్టుంది" అనెను. నేను ఆశ్చర్యపడితిని, వారము దినములలో నేను చెప్పదలచి వెదకుచుండిన మాట అదియే. గర్జించు పెట్టెతో వాయించినప్పుడు మాత్రము, వ్రేలు ప్రక్క తంత్రికి తగిలిన ప్రతి చిన్న చప్పుడును పదిరెట్లై అఱచెను. బాలుని ముఖము ఎఱ్ఱబడెను. తండ్రి నవ్వి, "ఇది లప్పం కాదు మాస్టారూ, వార్నీషు. వార్నీషు వేస్తే చిత్రిక గీతలన్నీ బయటపడతాయి" అనెను. "అమ్మేస్తారా మరి?" అని యడిగితిని. "వాడి వేళ్లు నునుపయ్యేదాకా ఉండనివ్వండి" అని గిటారును సంచిలో పెట్టి తానే భుజమున వేసికొనెను.

ప్రధానోపాధ్యాయులకు నేనిచ్చిన అభిప్రాయము రెండు వాక్యములు. పాటను పెట్టె లేక తప్పులు లేకుండ వాయించిన దినమున పెట్టెతో వాయింప అనుమతింపవచ్చును. మాఱుపలుకు పెట్టెను అభ్యాసమునకు వాడరాదు. వారు సమ్మతించి, శబ్దముయొక్క బలమును గూర్చి మూడవ వాక్యమును తామే చేర్చిరి, అది న్యాయమే. 85 డెసిబెల్లుల శబ్దమును దినమునకు ఎనిమిది గంటలకంటె మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెల్లులు హెచ్చినకొలది ఆ కాలము సగమగుననియు వైద్యశాస్త్రజ్ఞులు ఒక హద్దు పెట్టియున్నారు. 100 డెసిబెల్లులైనచో పావుగంటయే. చెవిలోని సన్నని కేశకణములు ఒకసారి చచ్చినచో మఱల మొలువవు.

తరువాత పదిదినములకు బాలుడు ఒక పలకను తెచ్చెను. తలుపు చట్రమునకు మిగిలిన టేకుముక్కతో తండ్రి చేసి యిచ్చినది. వెనుక యెత్తుగా, ముందు పల్లముగా, తీగలు దూరుటకు క్రింద రంధ్రములతో నున్నది. మూడు పెట్టెలకు చోటుండెను, ఉన్నవి రెండే యైనను. ఏది ముందు ఏది వెనుక అని తండ్రి అడిగి రమ్మన్నాడట. గర్జించునది ముందు, మాఱుపలుకునది వెనుక యని చెప్పితిని. తాఱుమాఱు చేసినచో, వెనుకటి స్వరముల మాఱుపలుకులును ఇప్పటి స్వరమును కలగలసి కోతలో పడి, పైన చెప్పిన స-గ బురదకంటె అధ్వాన్నమగును. 'వావా' దొరికినప్పుడు అన్నిటికంటె ముందుంచవచ్చును. కొందఱు గర్జించుదాని వెనుక నుంతురు. రెండు విధములను విని తేల్చుకొనవలసినదే. ముందు చిత్రిక, పిదప వార్నీషు గనుక తండ్రికి దీనిని విడమఱచి చెప్ప నక్కఱలేకపోయెనని బాలుడు మఱునాడు చెప్పెను.

ఇట్టి పెట్టెలు గలవారికి ఒక చిన్న సంగతి. వీనిలో తఱచుగా 9 వోల్టుల బ్యాటరీ యుండును. మీటను నొక్కి దీపము ఆర్పినంత మాత్రమున బ్యాటరీ ఆగిపోదు. గిటారు తీగను గ్రుచ్చు రంధ్రములోనే దాని స్విచ్చి యిమిడియున్నది. తీగ గ్రుచ్చియున్నంతవఱకు లోపల విద్యుత్తు ప్రవహించుచునే యుండును. వాయించుట ముగిసిన వెంటనే తీగను లాగివేయుడు.